చదువుకొనుచు పని నేర్చుట

విజయనగరం నుండి సాలూరు పోవు రహదారి మీద, చంపావతి నదికి చేరువలో గజపతినగరం ఉన్నది. ప్రొద్దుటి వేళ అక్కడ నిలుచున్నచో పుస్తకాల సంచులు భుజాన వేసికొని విజయనగరం వైపు పోవు విద్యార్థులు ఎందరో కనబడుదురు. వారిలో ఒకని తండ్రి వడ్రంగి. ఆయన ఒకనాడు ఈ వ్యాసకర్తను ఇట్లు అడిగినాడు:

“మాస్టారూ, మావోడు డిగ్రీ చదువుతూనే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని నేర్చుకుంటాడంట. నెలకింతని డబ్బులు కూడా ఇస్తారంట. బాగానే ఉంది గానీ, ఆళ్లు మావోడికి పని నేర్పుతారా, మావోడిచేత పని చేయించుకుంటారా?”

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పుట కష్టమైనది. ఆలోచించి చూడగా, ఇది ఆ ఒక్క తండ్రి ప్రశ్న కాదని తోచినది. అప్రెంటిసు అను మాట పుట్టిన నాటి నుండి చట్టములు చేయువారు, విశ్వవిద్యాలయములు నడుపువారు, పని నేర్చుకొను పిల్లలు అందరును ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచు వచ్చినారు. కనుక జవాబు కొరకు చరిత్రలోనికి కొంత దూరము పోవలసియున్నది.

ఏడేండ్ల ఒప్పందము

చేతిపనులు పుస్తకముల వలన గాక చూచుట వలన, చేయుట వలన వచ్చును. గజపతినగరానికి ఎగువన ఉన్న బొబ్బిలి ప్రాంతమున, గొల్లపల్లిలో వీణలు చేయు కుటుంబములవారు ఉన్నారు. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేయుట వారి ప్రత్యేకత. దుంగను ఎంత లోతు తొలచిన నాదము నిలుచునో, ఎక్కడ ఆపకున్న పగులునో పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండియే నేర్చుకొందురు. ఇక్కడ గురువు తండ్రియో, మామయో అగుటచే వ్రాతపూర్వకమైన ఒప్పందము అవసరము లేకపోయినది.

గురువు పరాయివాడైనప్పుడు సంగతి వేరు. ఇంగ్లండులో 1563లో చేసిన ఒక శాసనము ప్రకారము, వృత్తి చేయదలచినవాడు కనీసము ఏడేండ్లు అప్రెంటిసుగా ఉండవలెను. ఒప్పందము ఇరువురినీ కట్టివేయును. పిల్లవాడు యజమాని ఇంట పనిచేయవలెను, యజమాని అతనికి తిండి, బస ఇచ్చి తన విద్యను నేర్పవలెను. ఈ రెండవ సగము చాల ముఖ్యమైనది. నేర్పు బాధ్యత లేకున్నచో అది అప్రెంటిసు ఒప్పందము కాదు, వెట్టిచాకిరీ అగును.

అయితే ఏడేండ్ల నియమము మితిమీరినప్పుడు విద్యకే అడ్డు తగిలినది. ఆవిరి యంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్ కథ మన పాఠ్యపుస్తకములలో ఉన్నదే గాని, అందులో ఈ భాగము సాధారణముగా ఉండదు. అతడు లండనులో ఒక్క సంవత్సరము మాత్రమే శాస్త్ర పరికరముల తయారీ నేర్చుకొని 1756లో స్కాట్లండుకు తిరిగి వచ్చినాడు. ఏడేండ్లు పూర్తిచేయనందున గ్లాస్గో నగరమున దుకాణము తెరచుటకు వృత్తి సంఘమువారు అడ్డు చెప్పిరని చరిత్రకారులు వ్రాసినారు. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయము తన ఆవరణలోనే 1757లో అతనికి ఒక పనిగది ఇచ్చినది. అక్కడనే, 1763లో, తరగతిలో చూపుటకు ఉంచిన న్యూకొమెన్ యంత్రపు నమూనాను బాగుచేయుమని అతనికి ఇచ్చినారు. అది ఆవిరిని అంతగా ఎందుకు వ్యర్థము చేయుచున్నదో ఆలోచించి, 1765లో వేరు కండెన్సరును ఊహించినాడు. చేతిపని తెలిసినవాడును, వేడిమిని గురించి పాఠములు చెప్పు ఆచార్యులును ఒకే ఆవరణలో ఉండుటచే ఈ పని సాధ్యమైనది. చదువు, పని ఒకచోట కలిసిన తొలి దృష్టాంతములలో దీనిని ఒకటిగా చెప్పుకొనవచ్చును.

వేరైన దారులు

మన దేశమున ఈ రెండు దారులు చాలకాలము కలియలేదు. 1850లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము ఒక అప్రెంటిసు చట్టము చేసినది. పదేండ్లకు పైబడి పదునెనిమిదేండ్లకు లోబడిన పిల్లలను, ముఖ్యముగా అనాథలను, పేదపిల్లలను, ఏడేండ్లకు మించకుండ ఏదైన వృత్తిలో కుదుర్చుట దాని ఉద్దేశము. సరిగా ఏడేండ్ల తరువాత, 1857లో, మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అది పరీక్షలు జరిపి పట్టము లిచ్చినది. అదే 1857లో పాఠశాలగా మొదలైన విజయనగరం మహారాజావారి విద్యాసంస్థ 1879లో కళాశాల అయినది. ఈ విధముగా ఒక చట్టము పేదపిల్లవానిని కొలిమి దగ్గరకు పంపినది, మరొక చట్టము చదువుకొన్నవానిని కచ్చేరీకి పంపినది. చదువుకొన్నవాడు చేతిపని చేయడు, చేతిపని చేయువాడు చదువుకొనడు అను భావము మన ఇండ్లలో బలపడుటకు ఇదియు ఒక కారణము.

రెండింటిని కలిపిన ప్రయోగములు

ఇరువదవ శతాబ్ది మొదట ఈ గోడను పడగొట్టు యత్నములు ఆరంభమైనవి. ఇంగ్లండులోని సండర్లండు సాంకేతిక కళాశాలలో 1903లో, కొన్ని నెలలు కర్మాగారమున పని, కొన్ని నెలలు తరగతిలో చదువు అను పద్ధతి మొదలైనది. రెండు రొట్టె ముక్కల నడుమ కూర పెట్టినట్లు చదువు నడుమ పని ఉండుటచే దానికి ‘శాండ్విచ్’ పద్ధతి అని పేరు వచ్చినది.

అమెరికాలో హెర్మన్ ష్నైడర్ అను ఇంజనీరింగు ఆచార్యుడు 1906లో సిన్సినాటీ విశ్వవిద్యాలయమున ఇట్టిదే మరొక ఏర్పాటు చేసినాడు. మొదట చేరినవారు 27 మంది. విద్యార్థులను జంటలుగా ఏర్పరచినారు. జంటలో ఒకడు ఈ వారము కర్మాగారమున ఉండగా రెండవవాడు తరగతిలో ఉండును, వచ్చే వారము వారు స్థానములు మార్చుకొందురు. యజమానికి ఆ స్థానములో ఎప్పుడును ఒక మనిషి ఉండును. విద్యార్థికి కూలి దొరకును, చదువు ఆగదు. విశ్వవిద్యాలయ పాలకవర్గము దీనిని నమ్మక, మొదట ఒక్క సంవత్సరమునకు మాత్రమే అనుమతి నిచ్చినది. తరువాత ఈ ‘సహకార విద్య’ అమెరికా అంతట వ్యాపించినది.

ఈ ఏర్పాటులో గమనింపవలసినది కాలవిభజన. పనికి కేటాయించిన వారము వేరు, చదువుకు కేటాయించిన వారము వేరు. పగలంతయు పనిచేసి, అలసిన కండ్లతో రాత్రి చదువుకొనుమని ష్నైడర్ చెప్పలేదు.

కంప్యూటరు కాలమున విద్యార్థుల చేతిపని

కర్మాగారమునకు పుట్టిన ఈ పద్ధతి కంప్యూటరుకు ఎట్లు వచ్చినది? కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయము 1957లో సహకార విద్యతోనే ప్రారంభమైనది. అక్కడ 1965లో జరిగిన ఒక సంగతి మన విద్యార్థులకు తప్పక చెప్పదగినది.

అప్పటి కంప్యూటరునకు ఆదేశములను అట్టముక్కలపై రంధ్రములుగా పొడిచి ఇచ్చెడివారు. ఫోర్ట్రాన్ అను భాషలో వ్రాసిన ఆదేశములను యంత్రమునకు తెలియు అంకెల భాషలోనికి మార్చుటకు ఒక అనువాద ప్రోగ్రాము కావలెను. దానినే కంపైలరు అందురు. నాటి కంపైలర్లు పెద్ద లెక్కలకు ఉద్దేశింపబడినవి. విద్యార్థుల ప్రోగ్రాములో పది పంక్తులుండును, అందులో రెండు తప్పులుండును. ఆ చిన్న ప్రోగ్రామును అనువదించుటకే యంత్రము చాల కాలము వెచ్చించును. పైగా తప్పు ఎక్కడ ఉన్నదో స్పష్టముగా చెప్పదు. వందలకొలది విద్యార్థులకు ఒకే యంత్రమున్న చోట ఇది పెద్ద చిక్కు.

వెస్ గ్రాహం అను ఆచార్యుని ప్రోత్సాహముతో, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, మూడవ సంవత్సరపు విద్యార్థులు నలుగురు 1965 వేసవిలో ఒక క్రొత్త కంపైలరును వ్రాసినారు. దానికి వాట్‌ఫోర్ అని పేరు. అది అనువాదమును యంత్రపు జ్ఞాపకములోనే ముగించి వెంటనే లెక్క చేయును, తప్పు ఎట్టిదో విద్యార్థికి అర్థమగునట్లు చెప్పును. పరిశ్రమలోని పెద్ద ఇంజనీర్లు తమకు అవసరము లేనందున చేయని పనిని, అవసరము తెలిసిన విద్యార్థులు చేసినారు. వాట్‌ఫోర్, దాని సంతతి ఎన్నో విశ్వవిద్యాలయములలో వాడుకలోనికి వచ్చినవి.

తరువాత కాలమున ఇతర దేశములును ఈ బాట పట్టినవి. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రము 1974లో, విద్యార్థి మూడేండ్లును ఒక సంస్థతో ఒప్పందములో ఉండి, మూడు నెలలు చదువు, మూడు నెలలు పని చొప్పున సాగించు కళాశాలలను నెలకొల్పినది. ఇంగ్లండులో 2015లో ‘డిగ్రీ అప్రెంటిసు’ పద్ధతి వచ్చినప్పుడు తొలివరుసలో నిలిచినది సాఫ్ట్‌వేర్, సమాచార సాంకేతిక రంగమే. అక్కడ విద్యార్థి రుసుము చెల్లింపనక్కరలేదు, యజమాని, ప్రభుత్వము కలిసి భరించును.

మన చట్టము, మన విద్యాలయములు

స్వతంత్ర భారతమున 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. మొదట అది ఫిట్టరు, టర్నరు వంటి వృత్తుల కొరకే. ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా వారిని 1973లో చేర్చినారు. 2014 సవరణతో బి.ఎస్సి., బి.ఏ., బి.కాం. వంటి చదువులవారికిని తలుపులు తెరచుకొన్నవి. పట్టభద్ర అప్రెంటిసుకు నెలకు కనీసము 9,000 రూపాయల భత్యము ఉండవలెనని 2019లో నియమము చేసినారు. పట్టభద్ర అప్రెంటిసుల కనీస భత్యములో సగమును కేంద్ర ప్రభుత్వము భరించు ఏర్పాటును ఉన్నది.

ఈ చట్టములో ఒక వాక్యము ఆ వడ్రంగి తండ్రి ప్రశ్నకు నేరుగా సంబంధించినది. అప్రెంటిసు శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడు అని 18వ సెక్షను చెప్పుచున్నది. అందుచే సాధారణ కార్మిక చట్టములు అతనికి వర్తింపవు. అతడు నేర్చుకొనువాడు గనుక తక్కువ భత్యము చాలునని చట్టము అంగీకరించినది. ఆ తక్కువ భత్యమునకు బదులుగా అతనికి రావలసినది విద్య. ఆ విద్య నేర్పకపోయినచో అతనికి కార్మికుని జీతమును లేదు, విద్యార్థి చదువును లేదు. రెండిటికి చెడును. ఆ తండ్రి భయమునకు చట్టములోనే ఆధారమున్నది.

విశ్వవిద్యాలయముల వైపు చూతము. పిలానీలోని బిర్లా విద్యాసంస్థలో సి. ఆర్. మిత్ర డైరెక్టరుగా ఉండగా, 1973లో, విద్యార్థులను కొంతకాలము పరిశ్రమలకు పంపి, అక్కడి పనికి మార్కులిచ్చు ‘ప్రాక్టీస్ స్కూలు’ మొదలైనది. 1995లో విప్రో సంస్థ ఆ విద్యాసంస్థతో కలిసి ఒక ఏర్పాటు చేసినది. బి.ఎస్సి. చదివిన వారిని ఉద్యోగమున చేర్చుకొని, పనిచేయుచుండగనే నాలుగేండ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగులో ఎం.ఎస్. పట్టము పొందునట్లు చేసినది. ఇంజనీరింగు కళాశాలలో చేర డబ్బు లేక బి.ఎస్సి.లో గణితము, భౌతికము చదివిన చిన్న ఊళ్ల పిల్లలకు ఇట్టి ఏర్పాటులు సాఫ్ట్‌వేర్ పనికి దారి చూపినవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుండి మూడేండ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్పును నిర్బంధము చేసినారు. మొదటి సంవత్సరము తరువాత రెండు నెలలు సమాజసేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరము తరువాత రెండు నెలలు పని, చివరి సంవత్సరమున ఒక పూర్తి సెమిస్టరు పని అని దానిని విభజించినారు. అదే 2020లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘము కనీసము ఒక సెమిస్టరు అప్రెంటిసు శిక్షణ గల డిగ్రీలకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. 1850లో వేరైన రెండు దారులు ఇప్పటికి మన చట్టములో కలిసినవి. అయితే కాగితముపై కలియుట వేరు, విద్యార్థి దినచర్యలో కలియుట వేరు.

సాఫ్ట్‌వేర్‌లో గురువు ఎక్కడ?

వీణ చేయు గురువు ఉలి పట్టు తీరును శిష్యుడు కంటితో చూడగలడు. తెరపై పని ఎట్లు కనబడును? ఇక్కడ గురువు స్థానమును ఆక్రమించినది ‘కోడ్ రివ్యూ’ అను పద్ధతి. అప్రెంటిసు వ్రాసిన ప్రతి మార్పును అనుభవజ్ఞుడైన మరొకరు పంక్తి పంక్తి చదివి, వ్యాఖ్య వ్రాసిన తరువాతనే అసలు ప్రోగ్రాములో కలుపుదురు.

ఒక ఉదాహరణము. తరగతి సగటు మార్కు కట్టు ప్రోగ్రాము వ్రాయుమన్నారనుకొందము. విద్యార్థి మొత్తము మార్కులను విద్యార్థుల సంఖ్యచే భాగించును. కళాశాల పరీక్షలో అతనికి పూర్తి మార్కులు వచ్చును. ఉద్యోగములో ఆ కోడ్ చదివిన పెద్ద ఇట్లు అడుగును: “ఆ సెక్షనులో ఒక్కరు కూడ చేరకపోతే?” సున్నతో భాగించుట కుదరదు గనుక ప్రోగ్రాము ఆగిపోవును. అరుదుగా వచ్చు సందర్భమును ముందే ఊహించు ఈ అలవాటు పనిలోనే అబ్బును.

కళాశాల ఇచ్చునది మరొకటి. పది లక్షల పేర్ల పట్టికలో ఒక పేరు వెదకవలెను. మొదటి నుండి వరుసగా చూచినచో పది లక్షల పోలికలు అవసరము కావచ్చును. పట్టిక అక్షరక్రమములో ఉన్నచో నడుమ పేరు చూచి, కావలసినది ఏ సగములో ఉన్నదో తెలిసికొని, రెండవ సగమును వదలివేయవచ్చును. ఇట్లు సగము చేయుచు పోయినచో 20 పోలికలతో పని ముగియును, ఏలయన రెండును ఇరువది మారులు గుణించిన 10,48,576 వచ్చును. పనిచోట తొందరలో ఉన్నవాడు మొదటి పద్ధతిలో వ్రాసి, అది నడుచుచున్నది గదా అని ఊరకుండవచ్చును. అది ఎందుకు నెమ్మదిగా ఉన్నదో చెప్పగలవాడు లెక్క చదివినవాడు. ఒకటి లేకున్న రెండవది కుంటుపడును. ఆ అబ్బాయి డిగ్రీ మానివేయరాదని చెప్పుటకు ఇదియే ముఖ్య కారణము.

జవాబు

ఇక ఆ తండ్రికి ఏమి చెప్పవలెను? ఈ చరిత్ర మూడు ప్రశ్నలను మన చేతికిచ్చుచున్నది. ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు ఏ విద్యార్థియైనను వీటిని అడుగవలెను.

మొదటిది: నాకు నేర్పువారు ఎవరు? 1563 నాటి ఒప్పందములోనే యజమానికి నేర్పు బాధ్యత ఉండెను. నా కోడ్ చదివి తప్పు చూపు మనిషి వారమునకు ఎన్ని గంటలు నాకు కేటాయింపబడునో తెలియవలెను. రోజంతయు పట్టికలు నింపించి, ఆ పనికే శిక్షణ అని పేరు పెట్టినచో అది అప్రెంటిసు విద్య కాదు.

రెండవది: చదువుకు గంటలు ఎక్కడ? వారమునకు 168 గంటలు. నిద్రకు 56, పనికి 45, ప్రయాణమునకు 10, తిండి స్నానాదులకు 21 తీసివేసినచో మిగులునవి 36. తరగతులు, హోంవర్కు, పరీక్షలు, ఇంటి పనులు అన్నియు అందులోనే. పని గంటలు 60 అయినచో మిగులునవి 21 మాత్రమే. అప్పుడు మొదట తెగిపోవునది చదువే. ష్నైడర్ పనికి, చదువుకు వేర్వేరు వారములు కేటాయించినది ఈ లెక్క తెలిసియే.

మూడవది: నేర్చినది నాతో వచ్చునా? పట్టము విశ్వవిద్యాలయముదై, శిక్షణ ఒప్పందము చట్టప్రకారము నమోదైయున్నచో, ఆ సంస్థ రేపు ఉద్యోగము ఇవ్వకున్నను విద్యార్థి చేతిలో ఒక ఆధారము మిగులును. ఇన్ని ఏండ్లు పనిచేయవలెను, మధ్యలో మానినచో ఇంత సొమ్ము కట్టవలెను అను షరతు ఉన్నచో, సంతకమునకు ముందే తండ్రీ కొడుకులు కలిసి చదువుకొనవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గజపతినగరం వంటి ఊరిలో ఇంటర్న్‌షిప్పు చూపు సంస్థ ఇంటి ప్రక్కన ఉండదు. దొరికినదే చాలునని, సొమ్ము తీసికొని సంతకము పెట్టిన పత్రమిచ్చు చోట్లకు విద్యార్థులు పోవు ప్రమాదమున్నది. సాఫ్ట్‌వేర్‌కు కొలిమి అక్కరలేదు. ఒక సామాన్యమైన కంప్యూటరు, నెట్టు చాలును. బడి హాజరు పట్టికకో, పంచాయతీ నీటి లెక్కకో పనికివచ్చు చిన్న ప్రోగ్రామును విద్యార్థులచే వ్రాయించి, దానిని ఒకరు పంక్తి పంక్తి చదివి దిద్దినచో, అదియు శిక్షణయే. వాటర్లూ విద్యార్థులు నలుగురు చేసినదియు తమ కళాశాల అవసరము తీర్చుటయే గదా.

ఈ సంగతులన్నియు ఆ వడ్రంగికి నాకు చేతనైనంతలో చెప్పితిని. ఆయన విని కొంతసేపు ఊరకున్నాడు. తరువాత ఇట్లు అన్నాడు: “అయితే మాస్టారూ, మొదటి నెల్లాళ్లూ ఆడు ఇంటికొచ్చి ఏటి చెప్తాడో చూస్తాను. ‘ఇయ్యేళ ఇది నేర్చాను’ అంటే ఉంచుతాను. ‘ఇయ్యేళ ఇంత పని అయ్యింది’ అనే అంటే, వెళ్లి అడుగుతాను.”

చట్టము చదువకనే ఆయన 18వ సెక్షను సారమును పట్టుకొన్నాడు.